అరమోడ్పు కళ్ళతో పాపాయి నిద్ర: భయపడాలా?

ప్రశ్న: మా పాపకు నాలుగో నెల నడుస్తోంది. నెలలు నిండాకే, మామూలు కాన్పులో పుట్టింది. తల్లిపాలే ఇస్తున్నాను. టీకాలకు వెళ్ళినప్పుడు బరువు బాగా పెరుగుతోందని చెప్పారు. మమ్మల్ని గుర్తుపట్టి నవ్వుతుంది, గిలక్కాయ ఎటు తిప్పితే అటు చూస్తుంది. కానీ నిద్రలో పాప కళ్ళు పూర్తిగా మూతపడవు. రెప్పల మధ్య సన్నని సందులోంచి తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఒక్కోసారి లోపల కనుగుడ్లు అటూ ఇటూ తిరుగుతాయి, పెదవులు కదులుతాయి, ఉన్నట్టుండి నవ్వుతుంది లేదా ఉలిక్కిపడుతుంది. దిష్టి తగిలిందని మా అత్తగారు అంటున్నారు. కళ్ళలో ఆముదం చుక్క వేయమని పక్కింటి పెద్దావిడ సలహా ఇచ్చారు. మా వారికేమో ఇది ఫిట్స్ అని అనుమానం. రాత్రంతా పక్కన కూర్చుని వేలితో రెప్పలు మూస్తున్నాను. కాసేపటికి మళ్ళీ తెరుచుకుంటున్నాయి. ఇలాగే ఉంటే కళ్ళు ఎండిపోయి చూపు పోతుందా? డాక్టరుకు చూపించాలా? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మిమ్మల్ని రాత్రంతా కూర్చోబెడుతున్న ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మీరు రాసిన లక్షణాలతో పాప చూపు పోదు. నెలలు నిండి పుట్టి, పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, మెలకువగా ఉన్నప్పుడు మీ ముఖం చూసి నవ్వే బిడ్డ నిద్రలో రెప్పలు కాస్త తెరిచి ఉంచితే దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. పసిబిడ్డల్లో ఇది తరచుగా కనిపించేదే. ఏడాది, ఏడాదిన్నర వయసుకు ఎక్కువమందిలో దానంతటదే తగ్గిపోతుంది. కొందరిలో పెద్దయ్యాక కూడా మిగులుతుంది. అలాంటివాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా జీవితమంతా గడిపేయడం మామూలే.

కాబట్టి ఈ రాత్రి నుంచే వేలితో రెప్పలు మూయడం మానేయండి. మూసినా అవి నిలవవు. చీకట్లో గోరు తగిలితే లేనిపోని గాయం అవుతుంది. పైగా ప్రతిసారీ పాప నిద్ర చెదురుతుంది.

మూసిన రెప్ప ఎందుకు నిలవదో తెలిస్తే మీ భయం సగం తీరుతుంది. రెప్పను నడిపేవి ముఖ్యంగా రెండు కండరాలు. ఒకటి పై రెప్పను పైకి ఎత్తుతుంది. రెండోది కంటి చుట్టూ వలయంగా ఉండి రెప్పలను దగ్గరకు చేరుస్తుంది. దీన్ని నడిపేది మెదడు నుంచి వచ్చే ఏడో నాడి. ముఖంలో నవ్వునూ ఏడుపునూ పలికించేది కూడా ఆ నాడే. మనం ఎండలో కళ్ళు చిట్లించినప్పుడు వలయాకారపు కండరం గట్టిగా బిగుసుకుంటుంది. నిద్రలో జరిగేది అది కాదు. ఎత్తే కండరం వదులై రెప్ప కిందికి జారుతుంది, మూసే కండరంలో కొద్దిపాటి బిగువు మాత్రమే మిగులుతుంది. గడియ పెట్టిన తలుపుకూ దగ్గరగా వేసి వదిలేసిన తలుపుకూ ఉన్నంత తేడా అది. దగ్గరగా వేసిన తలుపు కొందరి ఇళ్ళలో పూర్తిగా ఆనుకుంటుంది, కొందరి ఇళ్ళలో వేలెడు సందు మిగులుతుంది. పసిబిడ్డల్లో నిద్రను, కండరాల బిగువును అదుపుచేసే మెదడు భాగాలు ఇంకా ఎదుగుతున్న దశలో ఉంటాయి కనుక ఆ సందు మిగలడం పెద్దవాళ్ళలో కంటే ఎక్కువ.

నిద్రలో కన్ను తెరుచుకుని ఉంటే నల్లగుడ్డు గాలికి ఎండిపోదా అని మీరు అడగవచ్చు. ప్రకృతి దీనికి ఒక ఏర్పాటు చేసింది. రెప్ప మూతపడేటప్పుడు కనుగుడ్డు పైకి, కాస్త బయటివైపుకు తిరుగుతుంది. స్కాట్లండ్‌కు చెందిన చార్లెస్ బెల్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1823లో దీన్ని వివరించాడు. అందుకే ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కనుగుడ్డు అలా తిరగడం వల్ల చూపుకు కీలకమైన కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, పై రెప్ప చాటుకు చేరుతుంది. సందులో బయటికి కనిపించేది కింది తెల్లభాగం మాత్రమే. మీరు ఉత్తరంలో 'తెల్లగుడ్డు కనిపిస్తుంది' అని రాశారు. ఆ మాటే నాకు అన్నిటికంటే ధైర్యాన్నిచ్చింది. చూసేవాళ్ళకు ఆ తెలుపు భయం పుట్టిస్తుంది. నిజానికి నల్లగుడ్డు భద్రంగా లోపల ఉందనడానికి అదే గుర్తు.

ఒకసారి జాగ్రత్తగా గమనించండి. పాప నిద్రపోయిన వెంటనే కాకుండా ఓ అరగంట ఆగండి. పిడికిళ్ళు విడివడి, చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా పడిపోయేంత గాఢనిద్రలో ఉండాలి, ఊపిరి ఒకే తీరున సాగుతుండాలి. గదిలో చిన్న దీపం చాలు, ఫోను వెలుతురు ముఖం మీద వేయకండి. పాప కాళ్ళ వైపు నుంచి వంగి చూడండి. సందులో తెలుపే కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. నల్లగుడ్డు కింది అంచు కొద్దిగా కనిపించినా, పొద్దున లేచాక కన్ను తేటగా ఉంటే కంగారు పడే పని లేదు, తర్వాతి టీకాకు వెళ్ళినప్పుడు డాక్టరుకు చెబితే సరిపోతుంది. నల్లగుడ్డు సగం వరకు ఎప్పుడూ బయటే ఉంటూ, పొద్దున్నే ఆ కన్ను ఎర్రగా ఉండి, పాప వెలుతురు చూడలేక ముఖం తిప్పేస్తుంటే మాత్రం ఆగకుండా కంటి డాక్టరుకు చూపించాలి. వాళ్ళు ఒక పసుపుపచ్చ రంగు మందును కంట్లో తాకించి, నీలి వెలుతురులో చూస్తారు. కార్నియా మీద ఎండిన చోటు ఉంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. పొడిబారినట్టు తేలితే రాత్రిపూట రాసే తేమ లేపనం ఇస్తారు. అది డాక్టరు రాసి ఇచ్చినదే వాడాలి.

ఇంకో సంగతి కూడా మీకు ఊరటనిస్తుంది. పెద్దవాళ్ళం నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్పలార్పుతాం. పసిబిడ్డలు రెండు నుంచి నాలుగుసార్లకు మించి ఆర్పరు. పురాణాల్లో రెప్ప వాల్చని దేవతల గురించి వింటాం కదా, పసివాళ్ళు కూడా మనల్ని అలాగే చూస్తుంటారు. అంతసేపు తెరిచి ఉంచినా వాళ్ళ కళ్ళు ఎండిపోవు. కంటిని తడిగా ఉంచే పలుచటి పొర వాళ్ళలో పెద్దవాళ్ళకంటే నిలకడగా ఉంటుంది. మొదటి వారాల్లో ఏడ్చినా కన్నీరు కారకపోతే చాలామంది తల్లులు కళ్ళు పొడిబారాయని అనుకుంటారు. చెంప మీదికి జారేంత కన్నీరు రావడానికి కొన్ని వారాలు పట్టడం మామూలే. కంటిని తడిపేందుకు కావలసిన తేమ మొదటినుంచీ ఉంటుంది.

ఇక మీ వారి అనుమానం. కనుగుడ్లు రెప్పల కింద తిరగడం, పెదవులు పాలు తాగుతున్నట్టు కదలడం, నవ్వు, ఉలికిపాటు, ఊపిరి కాసేపు వేగంగా కాసేపు నెమ్మదిగా ఉండడం – ఇవన్నీ కలిస్తే చురుకైన నిద్ర అనే దశ. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతే అందులో దాదాపు సగం ఈ దశే. పెద్దవాళ్ళు గాఢనిద్రలోకి వెళ్ళి, ఆ తర్వాత కలల నిద్రకు వస్తారు. పసిబిడ్డలు మొదటి నెలల్లో నేరుగా ఈ చురుకైన నిద్రలోకే జారుకుంటారు. అందుకే పడుకోబెట్టగానే రెప్పలు రెపరెపలాడడం, సందు పడడం ఎక్కువగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఈ భాగం తగ్గుతూ వస్తుంది. నిద్రలో కళ్ళు వేగంగా కదిలే దశ ఉందని లోకానికి తెలిసింది 1953లో. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, ఆయన గురువు నథానియల్ క్లైట్‌మన్ దాన్ని ప్రకటించారు. అసెరిన్‌స్కీ పని మొదలైంది నిద్రపోతున్న పసిపిల్లల రెప్పల కదలికలను గంటల తరబడి గమనించడంతోనే. మీరు రాత్రుళ్ళు భయంతో చూస్తున్నది, ఆయన కాగితం మీద రాసుకున్నది ఒకటే. పాప నిద్రలో నవ్వితే దేవుడు ఆడిస్తున్నాడని మన పెద్దవాళ్ళు మురిసిపోయేదీ ఈ దశను చూసే.

ఫిట్స్ అయితే ఇలా ఉండదు. చురుకైన నిద్రలో వచ్చే కదలికలు పాపను ఎత్తుకుని లేపగానే ఆగిపోతాయి, పాప మిమ్మల్ని చూస్తుంది. ఫిట్స్‌లో లేపినా ఆగవు. కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఒకేవైపు బిగుసుకుపోవడం, చేయీ కాలూ ఒకే లయలో కొట్టుకుంటూ ఉండడం, పెదవుల చుట్టూ నీలంగా మారడం, ఊపిరి ఆగడం, ఆ తర్వాత బిడ్డ నీరసంగా వాలిపోవడం – వీటిలో ఏది చూసినా 108కు ఫోను చేయండి.

మీ పాప వయసులో తప్పక తెలిసి ఉండవలసిన ఇంకో రకం ఉంది. ఇది సాధారణంగా నిద్ర లేచిన కాసేపటికి వస్తుంది. బిడ్డ ఉన్నట్టుండి తల ముందుకు వంచి, చేతులు చాచి, నడుము దగ్గర ముడుచుకుపోతుంది. రెండు మూడు క్షణాల్లో వదిలేస్తుంది, మళ్ళీ అదే, మళ్ళీ అదే, వరుసగా. చాలా ఇళ్ళలో దీన్ని కడుపునొప్పి అనుకుంటారు. 1841లో ఇంగ్లండులో వెస్ట్ అనే వైద్యుడు లాన్సెట్ వైద్య పత్రికకు ఒక లేఖ రాశాడు. నాలుగు నెలల వరకు చక్కగా ఎదిగిన తన కొడుకు తల ముందుకు వాలుస్తున్నాడని, అది క్రమంగా ఎక్కువై శరీరమంతా వంగిపోతోందని, ఎవరైనా దారి చూపించమని కోరాడు. ఆ రోజుల్లో ఆయనకు దారి చూపగలిగినవాళ్ళు లేరు. ఇప్పుడు మందులున్నాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. అటువంటిది కనిపిస్తే మర్నాటి దాకా కూడా ఆగకూడదు. మీరు రాసినదాంట్లో ఆ ఛాయ లేదు. మీకు లేకపోయినా ఇది చదివే ఇంకో తల్లికి అవసరపడవచ్చని రాస్తున్నాను.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ సలహాలు. పక్కింటి పెద్దావిడ ప్రేమతోనే చెప్పారు. అయినా ఆముదం కంట్లో వేయకండి. ఇంట్లో సీసాలో ఉండే ఆముదం శుభ్రమైన మందు కాదు. దాంతో కన్ను అంటుకుపోతుంది, మసకబారుతుంది, సూక్ష్మక్రిములు చేరతాయి. తల్లిపాలు పిండమని చెప్పేవాళ్ళు కూడా వస్తారు. ఆ పాలు పాప కడుపుకే పోనివ్వండి.

కాటుక గురించి నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళలో దీనిమీద మమకారం ఎక్కువ. రెప్పలు సరిగ్గా మూతపడని బిడ్డకు కాటుక పెడితే ఆ మసి నేరుగా కంట్లోకి దిగుతుంది. పెట్టే వేలి గోట్లోని మురికి కూడా దాంతో వెళుతుంది. కంటి నుంచి ముక్కులోకి నీరు దిగే సన్నని గొట్టం చాలామంది పసిబిడ్డల్లో మొదటి నెలల్లో పూర్తిగా తెరుచుకుని ఉండదు. అందుకే కొందరికి కన్ను నీరు కారుతూ, పుసులు కడుతూ ఉంటుంది. కాటుక దాన్ని ఇంకా పెంచుతుంది. బజారులో దొరికే సుర్మా, కొన్నిరకాల కాటుకల్లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడుకు విషం. 'మా పిల్లలందరికీ పెట్టాం, ఏమీ కాలేదు' అనే మాట మీకు వినిపిస్తుంది. సీసం చేసే నష్టం ఆ పూట కంటికి కనిపించేది కాదని వాళ్ళకు చెప్పండి. కాటుక పెడితే కళ్ళు పెద్దవవుతాయన్నది కూడా నిజం కాదు. దిష్టి చుక్క పెట్టకపోతే అత్తగారి మనసు కుదుటపడదనుకుంటే, ఇంట్లో చేసిన కాటుకను చెవి వెనక పెట్టండి. కంటికి మాత్రం వద్దు.

తలంటు పోశాక సాంబ్రాణి పొగ వేసే అలవాటు ఉంటే అది కూడా మానండి. పూర్తిగా మూతపడని కళ్ళకు, లేత ఊపిరితిత్తులకు పొగ మంట. స్నానానికి ముందు నూనె రాసేటప్పుడు నుదుటి మీది నూనె కళ్ళలోకి కారకుండా చూసుకోండి. ఫ్యాను కింద పడుకోబెట్టవచ్చు, కూలరు గాలి మాత్రం నేరుగా ముఖానికి కొట్టకుండా మంచం మూల మార్చండి. వెలుతురు పడుతోందని, కళ్ళు తెరిచి ఉన్నాయని ముఖం మీద గుడ్డ కప్పడం ప్రమాదం, ఊపిరాడదు. చీర ఉయ్యాలలో పడుకోబెట్టినప్పుడు గుడ్డ ముక్కుమీదికి జారుతుందేమో చూడండి. రాత్రిపూట గట్టి పరుపు మీద వెల్లకిల పడుకోబెట్టడమే మంచిది. రెప్పలకు ప్లాస్టరు అతికించే పని పొరపాటున కూడా చేయకండి.

పొద్దున రెప్పల అంచున పుసులు ఉంటే కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన దూది ముంచి, ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడవండి. రెండో కంటికి వేరే దూది తీసుకోండి. అంతకు మించి ఆ కళ్ళకు మీరు చేయవలసిన సేవ లేదు.

నిద్రలో రెప్పలు చూసి భయపడే తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఒకటుంది: నిద్రలో కాదు, ఏడ్చేటప్పుడు చూడండి. పాప గుక్కపట్టి ఏడ్చినప్పుడు రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోవాలి, చుట్టూ చర్మం ముడతలు పడాలి, నుదురు రెండువైపులా ముడుచుకోవాలి, నోరు రెండువైపులా ఒకేలా సాగాలి. అలా ఉంటే ఏడో నాడి చక్కగా పనిచేస్తున్నట్టే, మూసే కండరానికి బలం ఉన్నట్టే. నిద్రలో మిగిలే సందు వట్టి అలవాటు. ఏడ్చినప్పుడు ఒక కన్ను మాత్రమే మూతపడకుండా ఉండి, మూతి ఒకవైపుకు లాగుతుంటే ఆ నాడికి బలహీనత వచ్చిందని అర్థం. ఇక్కడ చాలామంది పొరబడతారు. మూతి లాగుతున్న వైపు జబ్బు ఉందనుకుంటారు. బలహీనత కదలని వైపు ఉంటుంది, బాగున్న వైపే లాగుతుంది. కాన్పు కష్టమై పట్టుకారు వాడినప్పుడో, పుట్టేటప్పుడు ముఖం మీద ఒత్తిడి పడినప్పుడో కొందరు బిడ్డలకు ఇలా అవుతుంది. ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అప్పటివరకు ఆ కంటికి తేమ లేపనం, డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి. పుట్టిన కొద్దినెలలకు కొత్తగా ఇలా వచ్చినా వెంటనే చూపించాలి.

మరో విషయం మీ ఉత్తరంలో లేదు, అయినా రాయకుండా ఉండలేను. 'ఎంత పెద్ద కళ్ళో, రెప్పలు కూడా చాలడం లేదు' అని మురిసిపోయే ఇళ్ళున్నాయి. ఆ పెద్ద కళ్ళు కొన్నిసార్లు పుట్టుకతో వచ్చే నీటికాసులు, అంటే గ్లాకోమా వల్ల కావచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగి, లేత కనుగుడ్డు సాగి పెద్దదవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది సుమారు 3,300 మంది పసిపిల్లల్లో ఒకరికి ఉన్నట్టు అంచనా వేశారు. పాశ్చాత్య దేశాల్లో సుమారు పది వేలమందిలో ఒకరికి, లేదా అంతకంటే తక్కువమందికి ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు వస్తే ఈ జబ్బు రావచ్చు. మేనరికాలు ఎక్కువగా ఉన్న చోట ఆ అవకాశం పెరుగుతుంది. పుట్టినప్పుడు నల్లగుడ్డు అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మొదటి ఏడాదిలోనే 12 దాటితే అనుమానించాలి. ఇంట్లో కొలవనక్కరలేదు. కన్ను పెద్దదిగా ఉండి, నల్లగుడ్డు మీద పొగమంచు పట్టినట్టు మసకగా ఉండి, వెలుతురులోకి తీసుకెళ్ళగానే బిడ్డ కళ్ళు గట్టిగా మూసుకుని మీ భుజంలో ముఖం దాచుకుంటూ, నీరు కారుతూ ఉంటే అదే వారంలో పిల్లల కంటి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. ఆపరేషన్ త్వరగా జరిగితే చూపు నిలుపుకోవచ్చు, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదు. మీ పాపకు ఇవేవీ లేవని మీ మాటల్లోనే తెలుస్తోంది.

బిడ్డకు విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు కొత్తగా కళ్ళు సగం తెరిచి పడుకోవడం మొదలైతే దాన్ని అలవాటు కింద జమకట్టకండి. కళ్ళు గుంటలు పడడం, మాడు లోపలికి దిగడం, ఉచ్చ తగ్గడం, పాలు తాగే ఓపిక లేకపోవడం తోడైతే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. పాలు ఇస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి. తీవ్రమైన పోషకాహార లోపంతో చేరిన పిల్లల విషయంలో రాత్రిపూట రెప్పలు తెరిచి నిద్రపోవడం రక్తంలో చక్కెర పడిపోయిందనడానికి ఒక గుర్తు కావచ్చు. అందుకే వాళ్ళను లేపి చక్కెర నీళ్ళు పడతారు. పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు వేరు, జబ్బులో కొత్తగా వచ్చిన మార్పు వేరు.

కళ్ళు ఎండిపోయి చూపు పోవడమన్న భయం మన పెద్దవాళ్ళకు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఆ జబ్బు మన ఊళ్ళలో నిజంగానే ఉండేది. దానికి కారణం విటమిన్-ఎ లోపం. మొదట రేచీకటి వచ్చేది, తర్వాత తెల్లగుడ్డు మెరుపు పోయి, దానిమీద నురగలాంటి మచ్చలు తేలేవి, చివరికి కార్నియా మెత్తబడి చిట్లిపోయేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా పిల్లలకు విటమిన్-ఎ మందు ఇవ్వడం మొదలైంది. ఆ తర్వాత అటువంటి అంధత్వం బాగా తగ్గింది. పాపకు తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకాతోపాటు మొదటి మోతాదు, లక్ష యూనిట్లు, చుక్కల మందుగా ఇస్తారు. అప్పటిదాకా మీ పాలే దానికి ఆధారం కనుక మీరు మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు తినండి. 'బాలింతకు పడదు' అని ఆకుకూరలు ఆపేస్తుంటే ఒప్పుకోవద్దు.

మీ అత్తగారిని ఒక మాట అడగండి: మీ వారు పసితనంలో ఎలా నిద్రపోయేవారు? ఆయన తోబుట్టువులు ఎలా పడుకునేవారు? మీ అమ్మగారిని కూడా అడగండి. ఈ తీరు కుటుంబాల్లో తరచుగా ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. 'వీడూ ఇంతే, కళ్ళు తెరుచుకునే పడుకునేవాడు' అని ఆవిడే గుర్తుచేసుకుంటే ఇంట్లో సగం గొడవ సద్దుమణుగుతుంది. రాత్రి నిద్రలో మీ వారి రెప్పలు కూడా ఒకసారి చూడండి. పెద్దవాళ్ళలో ఇది ఉంటే పొద్దున కళ్ళు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడవచ్చు. ఆయనకు అలా ఉంటే ఆయనే కంటి డాక్టరుకు చూపించుకోవడం మంచిది. అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసేటప్పుడు పాపను ఆ ఘాటుకు దూరంగా, వేరే గదిలో ఉంచమనండి.

నాకు పాప కళ్ళకంటే మీ నిద్ర ఎక్కువ దిగులుగా ఉంది. కాన్పై నాలుగు నెలలు కూడా నిండని తల్లి రాత్రంతా మేలుకుని రెప్పలు మూస్తూ కూర్చోవడం తగదు. నిద్ర లేకపోతే ఒంట్లో శక్తి సన్నగిల్లుతుంది, మనసు ఊరికే భయాలను వెతుక్కుంటుంది. ఇవాళ రాత్రి పాప నిద్రపోగానే మీరూ పడుకోండి. మధ్యలో పాలకు లేచినప్పుడు తప్ప ఆ కళ్ళ వైపు చూడవద్దు. మీ వారిని ఒక పూట పాపను చూసుకోమనండి. పాప హాయిగా నిద్రపోతున్నప్పుడు కూడా మీకు నిద్ర పట్టకపోతే, ఏదో కీడు జరుగుతుందన్న ఆలోచన పగలూ వదలకపోతే, ఊరికే ఏడుపు వస్తుంటే, ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. బాలింతల్లో అది చాలామందికి వచ్చే ఇబ్బంది, చికిత్స ఉంది, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

డాక్టరుకు చూపించాలా అని అడిగారు. పరుగు పెట్టనక్కరలేదు, తర్వాతి టీకా నాడు చూపిస్తే చాలు. వెళ్ళేముందు ఫోనులో రెండు చిన్న వీడియోలు తీసుకోండి: పాప గాఢనిద్రలో ఉన్నప్పుడు ఒకటి, బాగా ఏడుస్తున్నప్పుడు ఒకటి. ఫ్లాషు వేయకండి, పగటి వెలుతురు చాలు. ఒక్కో వీడియో నిమిషం ఉంటే సరిపోతుంది, రెండు కళ్ళూ నోరూ అందులో కనబడాలి. ఆసుపత్రి గదిలో పాప ఎలాగూ నిద్రపోదు కనుక, మీరు మాటల్లో చెప్పేదానికంటే ఆ వీడియోలు చూస్తే డాక్టరుకు తేలిగ్గా తెలుస్తుంది. ఈలోగా కన్ను ఎర్రబడినా, మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా ఆ తేదీ కోసం ఆగకండి.